కిటికీకి ఇవతల మేం

గుంటూరు మిర్చియార్డులో సరుకు అబద్ధమాడదు. టిక్కీలో చెయ్యిపెట్టి నాలుగు కాయలు తీసి, తుంచి, వాసన చూస్తే చాలు. అది తేజానా, సన్నమా, తేమ ఎంత, తాలు ఎంత అని అనుభవమున్నవాడు చెప్పేస్తాడు. దేశం దాటే కారానికి ఇంకా గట్టి పరీక్ష వుంది. 2003లో యూరప్‌లో మన కారంలో సూడాన్ రంగు బయటపడి గొడవయ్యాక, ఎగుమతి సరుకుకి స్పైసెస్ బోర్డు పరీక్ష తప్పనిసరి అయింది. లేబొరేటరీ కాగితం మీద అంకెలుంటాయి. అంకె సరిపోతే సరుకు ఓడెక్కుతుంది.

మరి ఆ సరుకు అమ్ముకోడానికి బయల్దేరే మనిషిని ఏ లేబొరేటరీలో పరీక్షిస్తారు? అతని పేరు ముందు 'షేక్' అని వుంటే ఆ పరీక్ష ఎక్కడ మొదలవుతుంది?

మా మిత్రుడొకాయన యార్డులో కమీషన్ వ్యాపారి. పాతికేళ్ళుగా ఆ ఘాటులోనే బతుకుతున్నాడు. అమెరికాలో మసాలా సరుకులు కొనే వ్యాపారులను కలిసి రావాలని ఆయనా, ఆయన భాగస్వామీ వ్యాపార వీసాకి దరఖాస్తు పెట్టారు. భాగస్వామి హిందువు. ఇద్దరిదీ ఒకే లైసెన్సు, ఒకే బ్యాంకు ఖాతా, కోల్డ్‌స్టోరేజీలో ఒకే సరుకు. 2008లో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచేదాకా ఇలాంటి పనికి మనవాళ్ళు మద్రాసు రైలెక్కేవాళ్ళు. ఇప్పుడు హైదరాబాద్ పోతే చాలు. ఇంగ్లీషు ఫారాలు నింపడం వచ్చినవాళ్ళమని మమ్మల్ని పిలిచాడు. ఇంటర్వ్యూకి ముందు రెండు రాత్రులు ఆయన ఇంట్లో కూచున్నాం.

ముందు చట్టం సంగతి. 1952 నాటి అమెరికా వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షనుంది. కొన్ని రకాలు తప్ప, తాత్కాలిక వీసా అడిగే ప్రతివాడూ అక్కడే వుండిపోడానికి వస్తున్నాడని ముందే అనుకోమంటుంది అది. కాదని నిరూపించుకునే బరువు అడిగినవాడిదే. నేరం మోపినవాణ్ణి సైతం రుజువయ్యేదాకా నిర్దోషి అంటాయి కోర్టులు. ఇక్కడ లెక్క తిరగబడింది. అధికారి నాలుగు మాటలు మాట్లాడి తేల్చేస్తాడు. కాదంటే కోర్టుకెక్కే దారి దాదాపు లేదు.

ఈ సెక్షను అందరికీ వర్తిస్తుంది. మేం కాదనం. తన గడపలోకి ఎవరొస్తున్నారో అడిగే హక్కు ఏ దేశానికైనా వుంది. వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసే పిల్లల్ని చూస్తున్నాం. భయం వాళ్ళకీ వుంది.

అయితే ఆ అధికారి తేల్చాల్సింది ఏమిటి? వచ్చేవాడి వుద్దేశం. మా ఇళ్ళల్లో మాటలో చెప్పాలంటే నియత్. నమాజుకైనా రోజాకైనా ముందు నియత్ వుండాలనీ, అది గుండెలో వుంటుందనీ, దాన్ని చూడగలిగేది అల్లా ఒక్కడేననీ మా నానీ చెప్పేది. అల్లా మాత్రమే చూసేదాన్ని అద్దం వెనక కూచున్న వుద్యోగి ఎట్లా చూస్తాడు? చూడలేడు. అందుకని నియత్‌కి బదులు ఆస్తి చూస్తాడు, బ్యాంకు పుస్తకం చూస్తాడు, మనిషి వాలకం చూస్తాడు. పేరు కూడా చూస్తాడేమోనన్నది మా భయం.

ఫారంలో ఇంటిపేరు గడి దగ్గరే మొదటి చిక్కు. మా వూళ్ళో కాలే మస్తాన్ వలీ దర్గాకి మొక్కుకుని పేరు పెట్టుకున్నవాళ్ళు రెండు మతాల్లోనూ వున్నారు. మస్తాన్‌రావులున్నారు, మస్తానమ్మలున్నారు. గుంటూర్లో మస్తాన్ అంటే మతం తెలియదు. ముందున్న 'షేక్' చెబుతుంది. నిజానికి అది ఇంటిపేరు కాదు. ఆయనా షేకే, భార్య పుట్టింటివాళ్ళూ షేకులే, ఏ చుట్టరికమూ లేని పక్కింటివాళ్ళూ షేకులే. ఇంకాస్త ముందుకుపోతే, మీరు ఏదైనా తెగకి చెందినవారా అనే ప్రశ్న. "భాయ్, షేకులని రాయాలా?" అన్నాడు మా మిత్రుడు. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. మీకు వుగ్రవాద సంస్థతో సంబంధముందా, వుగ్రవాద చర్యలకు దిగే ఆలోచన వుందా అనే ప్రశ్నలొచ్చాయి. అందరినీ అడిగేవే. "వుందని ఎవడు రాస్తాడు సాయిబూ!" అని భాగస్వామి మళ్ళీ నవ్వాడు. మా మిత్రుడు నవ్వలేదు. 'లేదు' అన్నచోట నొక్కి, సరిగ్గా నొక్కానా అని మూడుసార్లు చూసుకున్నాడు.

ఒకే ప్రశ్న. ఒకరికి నవ్వు, ఒకరికి చెమట. ఈ తేడా ఫారంలో లేదు. మరి ఎక్కణ్ణించి వచ్చింది? మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాంని 2009లో ఢిల్లీ విమానాశ్రయంలో ఒక అమెరికా విమాన సంస్థవాళ్ళు ఒళ్ళు తడిమి చూశారు. అదే ఏడు షారుఖ్ ఖాన్‌ని నెవార్క్‌లో ఆపి ప్రశ్నలడిగారు. 2017 జనవరిలో ఏడు ముస్లిం దేశాలవాళ్ళ రాక మీద ఆంక్ష పెట్టారు. 2021లో దాన్ని ఎత్తేశారు, 2025లో ఇంకో జాబితా వేశారు. ఈ జాబితాల్లో ఇండియా లేదు. అయినా ఆ వార్తలు మేం చదివినట్టు మా పక్కింటి మిత్రుడు చదవలేదు. తప్పు అతనిది కాదు. అతనికి ఆ అవసరం పడలేదు.

కాగితాల కోసం భాభీ మంచం కిందనుంచి ట్రంకుపెట్టె లాగింది. ఆ పెట్టె మాకు కొత్త కాదు. 2019 ఆగస్టులో అస్సాం జాబితాలో 19 లక్షల మంది పేర్లు లేవని విన్నాం. డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. అప్పుడూ ఇదే పెట్టెని ఇట్లాగే లాగి కూచున్నాం. తాత పట్టా, తండ్రి స్కూలు సర్టిఫికెట్టు, ఇంటిపన్ను రసీదులు. ఒకదాంట్లో షేక్, ఒకదాంట్లో ఎస్.కె., ఒకదాంట్లో సాహెబ్. 1946 నాటి విదేశీయుల చట్టం కూడా నువ్వు విదేశీవి కాదని నువ్వే నిరూపించుకోమంది. 2025లో ఆ చట్టం పోయి కొత్తది వచ్చింది. బరువు మాత్రం మనిషి నెత్తినే వుండిపోయింది.

ఆనాడు ఆ కాగితాలు తీసింది మేం ఈ దేశంవాళ్ళమేనని చెప్పడానికి. ఈనాడు అవే కాగితాలు తీసింది మేం ఈ దేశాన్ని వదిలిపోమని చెప్పడానికి. వీధిలోవాడు పాకిస్తాన్ పొమ్మంటాడు. కిటికీలో ఆయన ఇండియాకి తిరిగొస్తావని ఏమిటి నమ్మకమంటాడు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చిన కాలం నుంచీ మేం తెలుగులో మొదటి ప్రశ్నకే జవాబు రాస్తూ వచ్చాం. రెండోది దాని తోబుట్టువేనని ఆ ట్రంకుపెట్టె ముందు కూచున్నప్పుడు తెలిసింది.

రెండో రాత్రి కాన్సులేట్ అధికారి వేషం మేం వేశాం. "తిరిగి ఎందుకొస్తారు?" అని అడిగాం.

"మా అమ్మీ ఖబర్ ఇక్కడుంది. షబే బరాత్‌కి నేను లేకపోతే అక్కడ దీపం పెట్టేవాళ్ళు లేరు."

"అది చెప్పొద్దు భాయ్. కోల్డ్‌స్టోరేజీలో సరుకుంది, లైసెన్సుంది, బిడ్డ కాలేజీలో వుంది, అని చెప్పు."

మళ్ళీ అడిగాం. మా మాటలు మాకే అప్పజెప్పాడు. నాలుగోసారికి తడబాటు పోయింది. శభాష్ అన్నాం. అప్పుడాయన బావమరిది మెల్లిగా, "గడ్డం కాస్త కురచ చేయిస్తే మంచిది భాయ్" అన్నాడు. మా మిత్రుడు మావైపు చూశాడు. మేం ఫైలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాం.

ఇందులో అబద్ధం ఎక్కడుంది? ఎక్కడా లేదు. సరుకుంది, లైసెన్సుంది, బిడ్డా వుంది. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన వెనక్కి రావడానికి అసలు కారణం ఆ ఖబర్. దాన్ని దాచమని చెప్పి, అధికారికి పనికొచ్చే కారణాలు చేతిలో పెట్టాం. నియత్ వున్న మనిషికి నియత్ నటించడం నేర్పాం.

ప్రాణం మీదికొస్తే దాపరికానికి మతం కూడా వొప్పుకుంటుంది కదా అంటారు. నిజమే. ఇక్కడ ప్రాణం మీదికి రాలేదు. నాలుగు కంటెయినర్ల బేరం అంతే. ఇంకొకరు, అందరూ ఇంటర్వ్యూకి నీటుగా పోతారు కదా, ఇందులో ఇంత బాధేమిటంటారు. భాగస్వామి ఫైలు కూడా మేమే సర్దాం. అడిగినదానికే జవాబు చెప్పమని అతనికీ చెప్పాం. అరగంటలో అతని తయారీ అయిపోయింది. ముఖం ఎట్లా వుండాలో అతనికెవరూ చెప్పలేదు. అక్కడితో అతని పని ముగిస్తే, మా పని అక్కడ మొదలైంది.

గడ్డం గురించి ఏ అధికారీ ఇంకా అడగలేదు. ఖబర్ మాట చెబితే వీసా ఇవ్వనని ఎవరూ అనలేదు. అడిగింది మేం. కాదన్నదీ మేమే. ఆ కిటికీ హైదరాబాద్‌లో వుందనుకున్నాం. అది మా లోపల వుంది.

లోపల కిటికీ వున్నవాడు తన ఒక్కడినే ప్రశ్నించి వూరుకోడు. ఈ పత్తి నేలల్లో దూది ఏకి మా పరుపులు నింపిన నూర్‌బాషాలని మేం అడిగిన ప్రశ్నలు గుర్తొస్తున్నాయి. నీకు ఉర్దూ వచ్చా? కలిమా చెప్పు చూద్దాం. మీ ఇంట్లో పెళ్ళికి తాళి కడతారట, నువ్వు తురకవేనా అసలు? షేకులమూ సయ్యదులమూ అద్దం వెనక కూచుని వాళ్ళ ఈమాన్‌కి స్టాంపు వేశాం. వాళ్ళు ఏ కాగితాలు చూపించాలి మాకు? మాకు జరిగే అవమానం గురించి రాసేటప్పుడు మేం చేసిన ఈ అవమానం రాయకపోతే ఆ రాత కూడా కురచ చేసిన గడ్డంలాంటిదే.

మర్నాడు బస్టాండులో మా మిత్రుడు కనపడ్డాడు. గడ్డం కురచగా వుంది. ఆయన ఏమీ అనలేదు. మేమూ ఏమీ అనలేదు.

వీసా వచ్చిందా అని అడుగుతారు. ఆ సంగతి ఇక్కడ రాయం. వచ్చిందంటే గడ్డం కురచ చేయించడం మంచిదే అయిందంటారు. రాలేదంటే అంతా అధికారి మీదికి నెట్టేసి మనం చేతులు కడుక్కుంటాం. ఆ రెండు రాత్రులు జరిగింది ఏ స్టాంపుతోనూ మారదు.

ఇంకొకరెవరైనా ఫారం పట్టుకుని మా గుమ్మంలోకి రాకపోరు. కాగితాలు వరసలో పెట్టిస్తాం, పేర్లలో తేడాలుంటే అఫిడవిట్టు రాయిస్తాం, తేదీలు సరిచూస్తాం. తిరిగి ఎందుకొస్తావంటే ముందు ఖబర్ మాటే చెప్పమంటాం. కోల్డ్‌స్టోరేజీ ఆ తర్వాత. గడ్డం సంగతి ఎవరైనా ఎత్తితే ఈసారి తల వంచుకోం.