ఉపాధి ప్రయాణం – ఆలుబిడ్డల హక్కు

ఖమ్మంలో నివసించే ఒక సోదరుడు ఆ మధ్య మా వద్దకు వచ్చి ఒక మస్అలా అడిగారు. ఆయన ఉద్యోగం భద్రాచలంలో. ఫజ్ర్ నమాజు చేసుకుని బస్సెక్కుతారు. కొత్తగూడెం, పాల్వంచ దాటి, అడవి దారిన సారపాక చేరి, గోదావరి వంతెన మీదుగా ఊళ్ళోకి వెళతారు. దారి వంద కిలోమీటర్లకు పైనే. అక్కడ జుహర్, అస్ర్ పూర్తిగా చేయాలా, ఖస్ర్ చేయాలా అన్నది ఆయన సందేహం.

మన ప్రాంతపు హనఫీ ఉలమా సాధారణంగా 48 మైళ్ళను, అంటే సుమారు 77 కిలోమీటర్లను ప్రయాణ పరిమితిగా పరిగణిస్తారు. కనుక ఖమ్మం పొలిమేర దాటింది మొదలు తిరిగి వచ్చేవరకు ఆయన ముసాఫిరే. ఆ రెండు ఫర్జ్ నమాజులూ రెండేసి రకాతులే. స్థానిక ఇమాము వెనుక చేస్తే మాత్రం నాలుగూ చేయాలి.

సమాధానం చెప్పి పంపామేగాని, ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. మనం 'అప్ అండ్ డౌన్' అని తేలిగ్గా అనేస్తున్న దాన్ని షరీఅత్ ప్రయాణంగా లెక్కించి, నమాజులోనే సడలింపు ఇచ్చింది. మరి వారానికి ఆరు రోజులు ముసాఫిరుగా బ్రతికే మనిషి ఇంట్లో ఎవరి హక్కు తగ్గిపోతున్నట్టు? ఆయన వెళ్ళేటప్పుడు పిల్లలు నిద్రలేవరు, వచ్చేసరికి నిద్రపోయి ఉంటారు.

హలాల్ సంపాదన కోసం పడే శ్రమ పుణ్యకార్యమే. ఇందులో రెండో మాట లేదు. అయితే హజ్రత్ అబూదర్దా (రజి) ఉదంతం గుర్తు చేసుకోండి. ఆయన ఇల్లాలిని పట్టించుకోకపోవడానికి కారణం సంపాదన కూడా కాదు, ఆరాధన! పగలు ఉపవాసం, రాత్రి నమాజు. అయినా హజ్రత్ సల్మాన్ (రజి) ఆయన్ని ఆపి, దేవుని హక్కుతోపాటు శరీరానికీ ఇంటివారికీ హక్కుందని చెప్పారు. దైవప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు. ఆరాధనకే హద్దు ఉన్నప్పుడు ఓవర్‌టైముకు ఉండదా?

అలాగని ఇంట్లో కూర్చుని పని చేస్తే హక్కు తీరినట్టేనా? 2020లో కరోనా లాక్‌డౌన్ కాలంలో హైదరాబాదు కంపెనీల ఉద్యోగులు ఎందరో సొంత ఊళ్ళకు వచ్చి ఇంటి నుండే పని చేశారు. తండ్రి గదిలో ఉన్నాడు, తలుపు మూసి ఉంది. బిడ్డ తలుపు తడితే కసురుకున్నాడు. పనివేళలు యజమాని అమానతు కాబట్టి ఆ కసురుకు ఒక సాకు ఉంది. పని ముగిశాక కూడా ఫోను వదలకపోవడానికి ఏ సాకు ఉంది?

మన ఇళ్ళలో ఇంటి నుండి పని చేసేది ఎక్కువగా స్త్రీలేనన్న సంగతి మరువకూడదు. జాకెట్లు కుట్టే సోదరీమణులు, మగ్గం పని చేసేవారు. రంజాన్ పండుగ ముందు వారికి రాత్రింబవళ్ళు తెలియవు. అయినా 'ఇంట్లోనే ఉందిగా' అని వంట, పిల్లలు, అత్తమామల మందులు, వచ్చే పోయే చుట్టాలు అన్నీ ఆమె మీదే వేస్తాము. ఆమె మిషను తొక్కుతుంటే అది పని అని మనకు తోచదు. ఇది అన్యాయం.

దూరం మంచిదా, ఇల్లు మంచిదా అని మేము ఫత్వా ఇవ్వబోవడం లేదు. కాని బఖరా సూరాలోని 233వ వాక్యాన్ని శ్రద్ధగా చదవండి. పసిబిడ్డ చేత పాలు మాన్పించే విషయాన్ని కూడా తల్లిదండ్రులిద్దరి అంగీకారానికి, సంప్రదింపులకు వదిలాడు అల్లాహ్. పాలు మాన్పించడానికే మష్వరా కావాలంటే, తండ్రినే రోజంతా దూరం చేసే నిర్ణయాన్ని ఒక్కడే ఎలా తీసుకుంటాడు?

ఆ సోదరుడు మళ్ళీ కలిసినప్పుడు ఇదే అడిగాము: "మీ ఇంట్లో వాళ్ళను అడిగారా?" ఆయన కాసేపు మాట్లాడలేదు. ఎనిమిదేళ్ళుగా అడగలేదట. 'రోజూ రాకపోతే బాధపడుతుంది' అని ఆయనే అనుకున్నారు. అడిగితే ఆమె చెప్పింది వేరు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటి, వంతెన మీద రాకపోకలు ఆపేసినప్పుడు ఆయన అవతలే చిక్కుకుపోయారు. అప్పటి నుండి రాత్రి బస్సు కాస్త ఆలస్యమైనా ఆమెకు గుండె దడేనట. "వారంలో రెండు రాత్రులు అక్కడే ఉండండి. వచ్చిన రోజు పిల్లలు మేలుకుని ఉండగా రండి" అన్నదట.

ఇప్పుడు అలాగే చేస్తున్నారు. అక్కడ నిలిచే రెండు రాత్రుల ఇషా సంగతేమిటని అడిగారు. పదిహేను రోజులకు తక్కువే కదా, అదీ ఖస్రేనని చెప్పాము.