ఉమ్మడి స్థలములో పునాది

ధ్యాన భాగములు: సంఖ్యాకాండము 27:1–7, 1 కొరింథీయులకు 6:1–8



కొత్తపట్నములో ఒక క్రైస్తవ కుటుంబము ఉన్నదనుకొందము. తల్లి ముందే గతించినది. తండ్రి విల్లు వ్రాయకుండ చనిపోయెను. ఆయన విడిచినది పది సెంట్ల ఇంటి స్థలము. పిల్లలు ముగ్గురు: ఇద్దరు కుమారులు, పెండ్లియై పొరుగూరికి వెళ్లిన కుమార్తె. పంపకము జరుగలేదు. ఒకనాడు పెద్దవాడు ఎవరినీ అడుగకుండ మేస్త్రిని పిలిచి, రోడ్డువైపు పునాది త్రవ్వించెను. చెల్లెలు ఒంగోలు వెళ్లి, కట్టడము ఆపుమని కోర్టును అడుగవచ్చునా? విశ్వాసులు కోర్టుకెక్కరాదని సంఘములో కొందరు ఆమెకు బుద్ధి చెప్పుదురు. ఇది న్యాయమేనా?

ముందుగా చట్టమేమనునో చూతము. క్రైస్తవుడు విల్లు లేక చనిపోయినయెడల, 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, భార్య యున్నచో ఆమెకు మూడవ వంతు పోను, మిగిలినది కుమారులకును కుమార్తెలకును సమానముగా చెందును. హద్దులు పెట్టి పంచుకొనువరకు స్థలములోని ప్రతి పిడికెడు మట్టిలోను అందరికి హక్కు గలదు.

అయినను అడిగినంతమాత్రమున కోర్టు ఇంజంక్షను ఇయ్యదు. మూడు సంగతులు చూచును. అడిగినవారి హక్కు పైకి నిజముగా కనబడుచున్నదా? ఆపినచో ఎవరికి కష్టము, ఆపనిచో ఎవరికి ఎక్కువ కష్టము? కలుగబోవు నష్టము డబ్బుతో తీరునా? కొన్నిసార్లు, పంపకములో ఈ ఇంటిని చూపి అదనపు హక్కు కోరనని హామీ తీసికొని కట్టుకొననిచ్చును. ఆజ్ఞను మీరినవానికి మూడు నెలలవరకు సివిలు జైలు కలుగవచ్చును. అయితే ఇంజంక్షను చేతిని ఆపునేగాని స్థలమును పంచదు. పంచుటకు విభజన డిక్రీ యైనను, పాలివారి ఒప్పుదలయైనను కావలెను.

ఇప్పుడు వాక్యమును చూతము. సెలోపెహాదు కుమార్తెలు తండ్రి స్వాస్థ్యము కొరకు మోషే యెదుటను సర్వసమాజము నెదుటను నిలిచి అడిగిరి. వారు దురాశపరులని దేవుడు అనలేదు; వారి మాట యుక్తమేయని తీర్పు చెప్పెను. పౌలు సహోదరులు వ్యాజ్యెమాడుటను గద్దించెను, నిజమే. అన్యాయము సహించుట మేలు గదా యను ఏడవ వచనమును మనము చెల్లెలికి చదివి వినిపించుదుము. సహోదరులకే అన్యాయము చేయువారిని గద్దించు ఎనిమిదవ వచనమును అన్నకు చదువుట మరచుదుము. సహోదరుల మధ్య తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు మీలో లేడా యని అడుగు అయిదవ వచనమును మనకు మనము చదువుకొననే చదువుకొనము. ఆమె మొర విననొల్లని సంఘము, ఆమె కోర్టుకు వెళ్లెనని నిందించుట తగునా?

అయితే చెల్లెలికిని ఒక మాట. పునాదినాడు మౌనముగానుండి, శ్లాబు పడినపిమ్మట స్టే తెచ్చి, అన్న పిల్లలు కారుచున్న కప్పు క్రింద నుండగా ధర పెంచి బేరమాడుటయు అన్యాయమే. అట్టి ఆలస్యమును కోర్టు కూడ లెక్కించును.

కావున కట్టువాడు మొదటి గునపపు పోటుకు ముందే పాలివారినందరిని కూర్చుండబెట్టి అడుగవలెను. సర్వేయరుచేత కొలిపించి, పంపకపు పత్రము వ్రాసి, రిజిస్టరు చేయించుకొనవలెను. పెద్దలు ఇరువురి మాట వినవలెను. దావా పడినను, 1987 నాటి చట్టము క్రింద నడచు లోక్ అదాలత్‌లో రాజీపడవచ్చును. ఆ తీర్పు డిక్రీతో సమానము, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును.

సహోదరుడా, నీ యింటి గోడ ఎంత గట్టిదని మేస్త్రి చెప్పగలడు. దాని క్రింద ఎవరి వంతు ఉన్నదో నీవే చెప్పవలెను.