వృద్ధుల యెడ వైయావృత్త్యము



వత్రాప్‌లోగాని, విరుదునగరము బజారులోగాని, కోవిల్‌పట్టిలోగాని పూర్వము కొట్టు తెరవగానే గల్లాపెట్టె ముందు ఇంటి పెద్ద కూర్చుండెడివాడు. ఎవరి మాట నిలుచును, ఎవరికి అరువీయవచ్చును అను సంగతులు ఆయన నోటనే యుండెడివి. నేడు లెక్కలు కంప్యూటరులోనికిని, ధరలు చేతిఫోనులోనికిని వచ్చినవి. “నాయనా, మీకు తెలియదు, మీరు ఊరకుండుడు” అని కుమారుడనును. మనుమడు విని నేర్చుకొనును. ఎవరును కొట్టలేదు, అన్నము మాన్పలేదు. అయినను ఆ ముసలి ప్రాణము నొచ్చినది. మనోవాక్కాయములు మూటను హింస కూడదని గదా జినధర్మము!

ఈ తిరస్కారమునకు మూలములు మూడు. మొదటిది మదము. అష్టమదములలో బలమదము, రూపమదము కలవు. ఈ రెంటికిని యౌవనమే పుట్టినిల్లు. రెండవది లాభదృష్టి, అనగా మనిషిని సరుకువలె తూచి, సంపాదించునంతవరకే విలువ కట్టుట. మూడవది భయము. వృద్ధుని ముఖములో యువకుడు తన రేపటిని చూచి, బెదరి, చూపు మరల్చుకొనును.

ఈ దోషము ఒక్క ఊరిది కాదు. ప్రపంచమున ప్రతి ఇద్దరిలో ఒకరికి వయస్సును బట్టి మనిషిని తక్కువగా చూచు భావము కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెలిపినది. అమెరికాలో బెకా లెవీ అను పండితురాలు 2002లో ప్రకటించిన పరిశోధనలో, తమ ముదిమిని మంచిగా తలచినవారు చెడుగా తలచినవారికంటె సుమారు 7.5 సంవత్సరములు ఎక్కువ జీవించినట్లు తేలినది. కావున ముసలితనమును నిందించు యువకుడు తన ముదిమికే చేటు తెచ్చుకొనుచున్నాడు.

ద్రవ్యము నిలుచును, పర్యాయములు మారును అని తత్త్వార్థసూత్రము బోధించుచున్నది. బాల్యము, యౌవనము, వార్ధక్యము పర్యాయములే; జీవుడొక్కడే. పాత చిట్టా నిండి క్రొత్త చిట్టా తెరచినంతమాత్రమున కొట్టు మారదు గదా! స్థానాంగసూత్రము స్థవిరులను మూడు విధములుగా చెప్పినది: అరువది యేండ్లు నిండినవారు, శ్రుతజ్ఞానము కలవారు, దీక్షలో ఇరువది యేండ్లు గడపినవారు. విద్యతో నిమిత్తము లేకయే వయస్సునకును గౌరవము కలదన్నమాట.

అట్లని పెద్దలు చెప్పినదెల్ల ఒప్పుకొనవలెనని కాదు. అనేకాంతమునుబట్టి యువకుని మాట ఒక నయము, వృద్ధుని మాట మరియొక నయము. ఫోను ధర చెప్పును. పెద్దవాడు మనిషిని చెప్పును. వ్యాపారమునకు రెండును కావలెను.

కోవిల్‌పట్టికి సుమారు 20 కిలోమీటర్ల దూరమున కళుగుమలై కొండపై, వెయ్యేండ్లకు పూర్వము రాతిలో మలచిన తీర్థంకరుల ప్రతిమలు కలవు. వాని క్రింది శాసనములలో చేయించిన శిష్యుల పేర్లతో గురువుల పేర్లును కానవచ్చును. ఆ గురువులలో కురత్తియారులని పిలువబడిన స్త్రీలును కలరు. శిష్యుడు తన పేరు చెక్కించుకొనుచు, తనకు దారి చూపిన పెద్ద పేరును మరువలేదు.

వైయావృత్త్యము ఆరు అంతరంగ తపస్సులలో ఒకటి. అది సాధుసేవగా చెప్పబడినను, గృహస్థు దాని నభ్యసించుటకు తన ఇంటి వృద్ధులే మొదటి మెట్టు. సంవత్సరమున కొక దినము “మిచ్ఛామి దుక్కడం” అనుట చాలదు. ప్రతిదినము కొట్టు తెరచుటకు ముందు ఒక్క సంగతియైన పెద్దల నడుగుడు. రాత్రి లెక్క ముగిసిన పిదప ఒక గడియ వారి చెంత కూర్చుండుడు. ఉపవాసము చేయలేనివారికిని ఈ తపస్సు సాధ్యమే.

జై జినేంద్ర!