నలభై రెండో రోజు

కార్తీకం వచ్చిందంటే పల్నాడులో నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఏ ఊళ్లో చూసినా నల్లబట్టల స్వాములే. ఏడాదంతా తాగి, మెడలో అయ్యప్ప మాల పడిన నాడు మానేసేవాళ్లూ అందులో ఉంటారు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భిక్ష, రాత్రికి నేల మీద చాప. మండల దీక్ష 41 రోజులూ సీసా ముట్టరు. ఇంట్లో ఆడవాళ్లు కంటినిండా నిద్రపోయేది ఆ రోజుల్లోనే. తర్వాత శబరిమల వెళ్లొచ్చి మాల తీస్తారు. తీసిన సాయంత్రమే కొందరు మళ్లీ వైన్ షాపు దారి పడతారు.

వాళ్లను చూసి ఊళ్లో ‘అది భక్తి కాదు, భయం’ అంటారు. ‘41 రోజులు ఉన్నవాడు 42వ రోజు ఉండలేడా, మనసుంటే’ అనీ అంటారు. ఈ మాటల్లో న్యాయం లేదు. మాలలో ఉన్నన్నాళ్లూ ఆ మనిషి ఒంటరి కాడు. పేరూ కులమూ పక్కకుపోయి అందరికీ స్వామి అయ్యాడు. ఎదురైన ప్రతివాళ్లూ ‘స్వామి శరణం’ అన్నారు. మాల వేసిన గురుస్వామి ఒక కంట కనిపెట్టి ఉన్నాడు. సరిగ్గా తాగే వేళకి పీఠం దగ్గర భజన మొదలైంది. మాల తీసిన మర్నాడు దేవుడు ఉన్నచోటే ఉన్నాడు. పక్కనున్న మనుషులే చెదిరిపోయారు.

1935 మే నెలలో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారికి ఈ ఒంటరితనమే ఎదురైంది. తాగుడు మాని కొన్ని నెలలైంది. వచ్చిన పని చెడింది. హోటల్ లాబీలో ఒక పక్క బారు, ఇంకో పక్క టెలిఫోను. అతను ఫోను వైపు నడిచి చర్చీలకు వరసగా ఫోన్లు చేశాడు. అడిగింది ప్రార్థన కాదు, మాట్లాడటానికి తనలాంటి తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. పావుగంట కూర్చుంటే చాలనుకుని వచ్చిన డాక్టరు గంటల తరబడి మాట్లాడాడు. ఆయన తాగుడు ఆపిన జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కేస్తారు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే, అందరూ ఏఏ అనే ఆ సంఘం 1957లో మన దేశానికి వచ్చింది.

ఏఏ పన్నెండు మెట్లలో మొదటిది, మద్యం ముందు తాను అశక్తుడినని ఒప్పుకోవడం. పౌరుషానికి పేరుపడిన పల్నాడులో ఈ మాట గొంతు దాటడం కష్టం. ఓడిపోయానని చెప్పుకోవడం మానేయడానికి దారి ఎలా అవుతుంది?

శ్రీవైష్ణవులు ఈ ప్రశ్నను ఎప్పుడో పట్టుకున్నారు. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుంటుంది. పిల్లికూన ఊరికే ఉంటుంది, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. శరణాగతి వీటిలో ఏది అన్న వాదం మీద వడగలై, తెంగలై అని రెండు శాఖలే ఏర్పడ్డాయి. ఏఏ మీటింగుకు వచ్చేవాడికి రెండూ కావాలి. సీసా ముందు అతను పిల్లికూన, తన బలం అక్కడ పనిచేయదు. ఆటో ఎక్కి మీటింగుకు పోయే దగ్గర మాత్రం కోతిపిల్ల. ఆ పని అతని బదులు ఎవరూ చేయలేరు.

మరి దేవుణ్ణి నమ్మనివాడి సంగతి? 1939లో వచ్చిన ఏఏ పుస్తకం రాసేటప్పుడే జిమ్ బర్వెల్ అనే నాస్తికుడు గట్టిగా పట్టుబట్టాడు. అందుకే మెట్లలో దేవుడి పక్కన ‘మేం అర్థం చేసుకున్న రీతిలో’ అన్న మాట చేరింది. చుట్టూ కూర్చున్న పదిమందే తమ దైవం అనేవాళ్లూ ఉన్నారు. అందులో తప్పేముంది? పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టిన చాపకూడు ఈ నేల మీదిదే. కారంపూడి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ పెడతారు. మీటింగూ అలాంటి పంక్తే. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలు, చేర్చుకుంటారు. చందా లేదు, ఇంటిపేరు అడగరు. కుర్చీలు గుండ్రంగా వేసుకుని ఒకరి తర్వాత ఒకరు తమ కథ చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డుపడరు, నీతులు చెప్పరు. గురుస్వామిలాగే ఇక్కడ స్పాన్సర్ ఉంటాడు, ముందు మానినవాడు. అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తుతాడు. జీవితాంతం మానేస్తానని ఒట్టు వేయించుకోరు. ఈ ఒక్కరోజుకే.

ఇది ఉత్త ఓదార్పు అనుకునేవాళ్లకు 2020లో వచ్చిన కోక్రేన్ సమీక్ష జవాబు చెప్పింది. 10,565 మంది మీద జరిగిన 27 అధ్యయనాలను పరిశీలిస్తే, పూర్తిగా మానడం విషయంలో ఏఏ దారి మిగతా చికిత్సలతో సమానంగానో, అంతకంటే మెరుగ్గానో నిలిచింది. మన దేశంలో ఆ మాత్రం తోడు దొరికేవాళ్లే తక్కువ. 2019లో ఎయిమ్స్ ఇచ్చిన నివేదిక ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది.

ఒక హెచ్చరిక. రోజూ బాగా తాగేవాడు మాల వేసుకుని ఉన్నట్టుండి ఆపితే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. ప్రాణాలే పోవచ్చు. దాన్ని స్వామి పరీక్ష అనుకుని కూర్చోకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మాల తీశాక కూడా తోడు నిలిచేలా చూడటంలో గురుస్వాములు చేయగలిగింది ఎంతో ఉంది. మాల వేసేటప్పుడే, ఎవరికి తాగుడుందో వాళ్లకు తెలుసు. దగ్గరలో మీటింగు ఎక్కడ, ఏ రోజు జరుగుతుందో ఏఏ ఇండియా వాళ్లను అడిగి తెలుసుకోవచ్చు. ఊళ్లో లేకపోతే ఫోన్‌లో జరిగే మీటింగులున్నాయి. ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446 ఉంది. ఇంటివాళ్లు కూడా వెళ్లదగ్గ ఓపెన్ మీటింగులుంటాయి. శబరిమల నుంచి దిగి మాల తీసిన సాయంత్రం, భజన ఉండే వేళకి, ఆ గురుస్వామే అతన్ని బండి మీద ఎక్కించుకుని మొదటి మీటింగు గుమ్మం దాకా దిగబెట్టి రావచ్చు.