ఏదుపంది మాంసం తినొచ్చని రామాయణంలోనే ఉంది కదా, మరి తప్పేంటి?



పోయిన వారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వీకెండ్‌కి ఫ్రెండ్స్‌తో కలిసి కామారెడ్డి వైపు ఒక తోటకి వెళ్తున్నాడట. "అన్నా, అక్కడ ఏదుపందిని పట్టి వండుతామంటున్నారు. తోలు ముళ్ళతో సహా తీసి, లోపల గడ్డి కూరి హాల్లో షోకి పెట్టుకుంటారట. నాకెందుకో మనసొప్పలేదు. వద్దంటే, రామాయణంలోనే తినొచ్చని ఉంది, నువ్వేం భక్తుడివిరా అని నవ్వారు. నిజంగా ఉందా?"

ఉంది తమ్ముడూ. నేను లేదని చెప్పి తప్పించుకోను. కానీ శాస్త్రం దగ్గరికి వెళ్ళే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళుగా చానల్‌లో ఎప్పుడూ చెప్పలేదు.

మా అమ్మమ్మ ఊరు ఎల్లారెడ్డి దగ్గర. నాకు అప్పుడు 14 ఏళ్ళు. సెలవులకు వెళ్తే, మా బావ ఒక రాత్రి నన్ను వాగు గట్టుకి తీసుకెళ్ళాడు. అక్కడ ఏదుపంది బొరియ ఉంది. ఒక వైపు మూసి, ఇంకో వైపు ఎండాకులతో పొగ పెట్టారు. కాసేపటికి అది బయటికొచ్చింది. ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని, తోక గలగలలాడిస్తూ, కాళ్ళు నేలకేసి కొట్టింది. ఏదుపంది ముళ్ళు బాణాల్లా విసురుతుందంటారు కదా, అది ఉత్తమాట. ముళ్ళంటే గట్టిపడ్డ వెంట్రుకలే. దగ్గరికి రావద్దని అది బతిమాలుకుంటున్నట్టే ఉంది. కర్రతో కొట్టారు. టార్చిలైట్ పట్టుకున్నది నేనే.

తెల్లారి కోస్తే కడుపులో రెండు పిల్లలున్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. కూర వండారు, నేనూ తిన్నాను. తోలు మాత్రం బావ గడ్డి కూర్పించి తెచ్చి టీవీ పక్కన పెట్టాడు.

అదే నెలలో మా అక్కకి సీమంతం. మన గృహ్యసూత్రాల్లో ఆ రోజు భార్య పాపటను భర్త ఏదుముల్లుతో తీయాలని ఉంది. ఆపస్తంబుడు మూడు తెల్ల మచ్చలున్న ఏదుముల్లు, దర్భలు, పచ్చి మేడికాయల గుత్తి చెప్పాడు. పంతులుగారు ముల్లు అడిగితే బావ గర్వంగా టీవీ వైపు చూపించాడు. అప్పుడు మా అమ్మమ్మ లేచింది. "కడుపుతోని ఉన్నదాన్ని సంపి, దాని ముల్లుతోని నా మనుమరాలికి పాపట తీస్తరా? అది అడివిల తనంతట రాల్చిన ముల్లయితే తే. లేకుంటే దర్భతోనే కానియ్యుండ్రి." దర్భతోనే చేశారు. నేను ఆ రోజు ఎవరి మొహమూ చూడలేకపోయాను.

ఇప్పుడు శాస్త్రానికి వద్దాం.

కిష్కింధా కాండలో రాముడి బాణం తగిలి నేల మీద పడ్డ వాలి రాముణ్ణి నిలదీస్తాడు. నా తోలు మంచివాళ్ళు కట్టుకోరు, నా ఎముకలు దేనికీ పనికిరావు, నా మాంసం నీలాంటివాడు తినడు, మరి నన్నెందుకు చంపావు అంటాడు. అయిదు గోళ్ళున్న జంతువుల్లో తినదగినవి అయిదే అంటూ శల్యకం, శ్వావిధం, ఉడుము, కుందేలు, తాబేలు పేర్లు చెప్తాడు. మొదటి రెండూ ముళ్ళ జంతువుల పేర్లే. మీ ఫ్రెండ్స్ చెప్పింది ఇదే.

ఆ మాట అన్నది ఎవరో చూడండి. విందుకి కూర్చున్నవాడు కాదు, గుండెలో బాణంతో ప్రాణం పోతున్నవాడు. తనను ఎందుకు చంపకూడదో చెప్పడానికి ఆ లిస్టు చదివాడు. మనం దాన్ని ఇంకో ప్రాణిని చంపడానికి వాడుకుంటున్నాం.

ఇంకో సంగతి. ఈ నియమాన్ని మీమాంసకులు పరిసంఖ్యా విధికి ఉదాహరణగా చెప్తారు. అంటే, ఇది "ఈ అయిదూ తినండి" అనే ఆజ్ఞ కాదు. "ఇవి తప్ప మిగతా వాటి జోలికి పోవద్దు" అని ఆకలికి కట్టిన కంచె. డాక్టర్ షుగర్ పేషెంట్‌కి "స్వీటు తినాలనిపిస్తే ఒక్కటే తిను" అంటాడు. అంటే రోజూ వెతుక్కుని ఒకటి తినమనా? కాదు కదా. ఆ ఒక్కటి కూడా మానేస్తే డాక్టర్ సంతోషిస్తాడు.

మరి రాజులు వేటాడలేదా? ఆడారు. రాముడు వాలికిచ్చిన జవాబులోనే ఆ మాట ఉంది. కానీ మనుస్మృతి చూడండి. అయిదో అధ్యాయంలో ఏదుపందిని తినదగినవాటిలో చెప్పిన ఆ గ్రంథమే, ఏడో అధ్యాయంలో రాజుల వ్యసనాలు చెప్తూ వేటను తాగుడు, జూదం పక్కన కూర్చోబెట్టింది. ఆకలికి కొంత వెసులుబాటు ఇచ్చింది గానీ, సరదాకి ఇవ్వలేదు.

ఇక తోలు సంగతి. బంగారు లేడి కథ మనందరికీ తెలుసు. ప్రాణంతో దొరికితే ఆడుకోవడానికి, దొరక్కపోతే దాని చర్మమైనా కావాలని సీతమ్మ ముచ్చటపడింది. అందమైన తోలు మీద కలిగిన ఒక్క ముచ్చట ఎంత దుఃఖానికి దారి తీసిందో వాల్మీకి చూపించాడు. సాక్షాత్తూ లక్ష్మీదేవి కథలోనే ఇలా ఉంటే, మన హాల్లో షోకేసు ఎంత?

మా బావ షోపీసు ఏమైందో చెప్పనా? నాలుగేళ్ళకు పురుగు పట్టింది, ముళ్ళు ఒక్కొక్కటే ఊడిపోయాయి. చివరికి పెంట మీద పారేశారు. రెండు పిల్లల తల్లి ప్రాణం దానికోసమా!

ఎల్లారెడ్డి పక్కనే పోచారం అభయారణ్యం ఉంది. ఇప్పటి కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో సుమారు 130 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు అది నిజాం వేటాడుకునే అడవి. 1952లో దాన్ని అభయారణ్యం చేశారు. అదే నేల, అవే చెట్లు, పేరు మాత్రం మారింది. గుడిలో స్వామి అభయహస్తం చూసి దండం పెడతాం కదా, "భయపడకు" అని ఆ చెయ్యి చెప్తుంది. ఆ అభయమే అడవి పేరులోనూ ఉంది. స్వామి దగ్గర అభయం తీసుకుని బయటికొచ్చి ఇంకో ప్రాణికి భయం పెడితే, ఆ దండానికి అర్థమేముంది?

చట్టం కూడా చెప్తాను, తెలియక ఇరుక్కోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఏదుపందిని వేటాడటం నేరం. ఉచ్చు పెట్టడం, పట్టడం, పట్టడానికి ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తాయి. మాంసం ఉన్నా, గడ్డి కూరిన తోలు ఉన్నా కేసే. జైలూ ఉంది, జరిమానా ఉంది. అందుకే సీమంతానికి ఏదుముళ్ళు కొనడానికి తిరగొద్దు. మా అమ్మమ్మ చెప్పిన దర్భ చాలు, అదీ సూత్రంలో ఉన్నదే.

రైతుల బాధ నాకు తెలియక కాదు. మక్కచేను పాడైతే ఏడాది కష్టం పోతుంది. ఏదుపంది దుంపలు తవ్వుతుంది, పంట కొరుకుతుంది, నిజమే. పంటకు ప్రమాదంగా మారిన జంతువు విషయంలో అధికారుల అనుమతి తీసుకునే దారి చట్టంలోనే ఉంది. అటవీశాఖ వాళ్ళకి చెప్పండి. సొంతంగా కరెంటు తీగలు పెడితే వాటికి తగిలి మనుషులే పోతున్నారు. అయినా, చేను కాపాడుకునే రైతు వేరు, వీకెండ్ సరదాకి కారెక్కి వెళ్ళే మనం వేరు. రైతు కష్టాన్ని మన విందుకి సాకు చేసుకోవద్దు.

తమ్ముడికి నేను చెప్పింది ఇంతే. "తోటకి వెళ్ళు, ఫ్రెండ్స్‌తో గొడవపడకు. కానీ ముందే ఫోన్ చేసి, ఆ పని ఉంటే నేను రానని చెప్పు. ఎందుకని అడిగితే వాలి కథ చెప్పు." నిన్న మెసేజ్ పెట్టాడు. ఏదుపంది ప్రోగ్రామ్ మానేశారట, పోచారం చెరువు చూసి వస్తారట. నవ్విన ఫ్రెండే ముందు సరే అన్నాడట.

నా 14 ఏళ్ళప్పుడు ఆ మాట అనే ధైర్యం నాకు లేదు. టార్చిలైట్ ఆర్పేసినా ఆ రాత్రి అది చీకట్లో తప్పించుకునేదేమో. ఏటా అక్క కొడుకు పుట్టినరోజుకి ఆ రెండు పిల్లలూ గుర్తొస్తాయి. ఆ రోజు మాంసం ముట్టను. ప్రాయశ్చిత్తం అనేంత పెద్ద మాట అనను, నా చేతనైంది అది.

మీరూ ఈ వారం దీపం పెట్టేటప్పుడు ఒక్క సంకల్పం చెప్పుకోండి: "నా సరదా కోసం ఏ ప్రాణీ భయపడకూడదు." అంతే చాలు.

శుభం. జై శ్రీరామ్.