వ్యసనానికి శిక్ష వెయ్యొచ్చా?

1875లో అమెరికాలో డయో లూయిస్ అనే వైద్యుడు మద్యనిషేధం మీద ఒక పుస్తకం తెచ్చాడు. జనం చేత తాగుడు మాన్పించాలని ఊరూరా ఉపన్యాసాలిచ్చిన ఆ మనిషే, నిషేధ చట్టం పనికిరాదని అందులో వాదించాడు. పుస్తకంలో ఒక అధ్యాయానికి రచయిత పేరు లేదు. దాన్ని రాసింది లైసాండర్ స్పూనర్. వ్యసనాలు నేరాలు కావన్నదే దాని శీర్షిక, సారాంశం కూడా.

స్పూనర్ మసాచుసెట్స్ న్యాయవాది. సర్కారు తపాలాకు పోటీగా 1844లో సొంత కంపెనీ పెట్టి చవగ్గా ఉత్తరాలు చేరవేశాడు. ఆ మరుసటి ఏడే బానిసత్వం రాజ్యాంగ విరుద్ధమని పుస్తకం రాశాడు. మనిషి మీద మరో మనిషి పెత్తనాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోనివాడు.

అతని లెక్క సూటిగా ఉంటుంది. మనిషి తన ఒంటికో, తన ఆస్తికో తెచ్చుకునే చేటు వ్యసనం. ఎదుటివాడికి కావాలని తలపెట్టే కీడు నేరం. రెండోదాన్నే శిక్షించాలి. ఏది మేలో ఏది చేటో మనిషిని బట్టి, మోతాదును బట్టి మారిపోతుంది. తన సుఖం ఎక్కడుందో ఎవరికి వారు వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలో తప్పటడుగులు వేసే స్వేచ్ఛ లేనివాడు మంచితనాన్ని నేర్చుకునేదెలా?

ఇలాంటి వ్యక్తివాదమంటే విచ్చలవిడితనమని చాలామంది అనుకుంటారు. అలా అనుకోవడం స్పూనర్‌కు అన్యాయం చేయడమే. వ్యసనం సుఖాన్ని తినేస్తుందని అతనికి బాగా తెలుసు. జైలు దాన్ని మాన్పిస్తుందన్న మాటనే అతను నమ్మలేదు.

లూయిస్ పుస్తకం రాకముందే, 1873 డిసెంబరులో, అతని ఉపన్యాసం విన్న హిల్స్‌బరో ఆడవాళ్లు ఎలైజా థాంప్సన్ వెంట నడిచారు. ఒహాయో రాష్ట్రంలో చిన్న ఊరది. వాళ్లు మద్యం దుకాణాల్లోకి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థించారు. అమ్మకం మానమని యజమానులను బతిమాలారు. తాగేవాణ్ణి వదిలి, అమ్మేవాడి గుమ్మం ముందు నిలబడ్డారు.

నూట ఇరవై ఏళ్లు కూడా తిరగకుండా నెల్లూరు జిల్లా దూబగుంటలోనూ ఆడవాళ్లు అమ్మకం మీదికే వెళ్లారు. అక్షరదీపం అనే అక్షరాస్యతా కేంద్రాల్లో సీతమ్మ కథ అనే పాఠం చదివి, ఆ కథలో ఊళ్లో సారా కొట్టు మూయించినట్టు తామూ ఎందుకు మూయించకూడదని అడిగారు. ఆ ఊరి రోశమ్మ లాంటి వాళ్లు ముందు నడిచారు. చీపుళ్లు, కారం పట్టుకుని వచ్చిన ఆడవాళ్ల దెబ్బకు సారా వేలం పాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సర్కారు నిషేధాన్ని సడలించింది.

దూబగుంటను చూపించి స్పూనర్ ఓడిపోయాడనడం తేలిక. కానీ ఆ ఆడవాళ్లు మగవాళ్లను జైల్లో పెట్టమనలేదు. సర్కారే వేలం వేసి, పాటదారు చేత గడప దాకా ప్యాకెట్లు చేరవేయించి, ఆ డబ్బుతో ఖజానా నింపుకోవడాన్ని ఎదిరించారు. స్పూనర్ ఉంటే వాళ్ల పక్కనే నిలబడేవాడు.

అయితే అతని నిర్వచనంలో ఒక లోటుంది. నేరానికి కీడు తలపెట్టే ఉద్దేశం ఉండాలంటాడు. కూలికి వెళ్లొచ్చిన ఇల్లాలు బియ్యం డబ్బాలో దాచుకున్న నోట్లను మొగుడు తీసుకెళ్లినప్పుడు, ఆమెకు కీడు చేయాలని అతను అనుకోడు. అతనికి కావలసింది సారా. అయినా ఆ పూట పొయ్యి వెలగదు. ఆ నోట్లు ఆమె ఆస్తి, ఆ రాత్రి పడే దెబ్బలు ఆమె ఒంటి మీదే. ఇంటి యజమాని సుఖం ఎలా వెతుక్కుంటాడో చూసే తత్వం, అదే ఇంట్లో ఆమె సుఖం వెతుక్కునే హక్కును కూడా లెక్కలో వేయాలి. అప్పుడే వ్యక్తివాదం నిజంగా ప్రతి వ్యక్తిదీ అవుతుంది.

2005 గృహహింస చట్టం ఈ లెక్కకు దగ్గరగా వచ్చింది. కొట్టడాన్ని శారీరక హింసగా గుర్తించడంతో పాటు, ఆమెకు దక్కాల్సిన డబ్బును, ఇంటి అవసరాలను ఆమెకు అందకుండా చేయడాన్ని కూడా అది ఆర్థిక హింసగా గుర్తించింది. ఆ చట్టం కింద ఫిర్యాదు చేసే భార్య తన భర్త తాగుబోతని నిరూపించనక్కర్లేదు.