మద్యత్యాగము - స్థితీకరణ ధర్మము

జైన గృహస్థుని ఆచారమునకు పునాదులైన అష్టమూలగుణములను లెక్కించునపుడు ఆచార్యులు మొట్టమొదట చెప్పునది మద్యత్యాగము. సమంతభద్రాచార్యులు రత్నకరండక శ్రావకాచారమునందు మద్య మాంస మధు త్యాగములను పంచాణువ్రతములతో జేర్చి ఎనిమిదిగా చెప్పిరి. అమృతచంద్రాచార్యులు పురుషార్థసిద్ధ్యుపాయమునందు అణువ్రతములకు బదులు అయిదు ఉదుంబర ఫలముల త్యాగమును చేర్చిరి. లెక్క మారినను మద్యము రెంటియందును కలదు. పులిసిన రసమునందు అసంఖ్యాక జీవములు పుట్టి నశించును గనుక మద్యపానము హింస. అది మనస్సును మోహింపజేయును. మోహితుడు ధర్మమును మరచును. ధర్మమును మరచినవాడు జంకు లేక హింసకు దిగును. గ్లాసులోని హింస కంటె గ్లాసు ఖాళీ అయిన తరువాత ఇంటిలో జరుగు హింస పెద్దది.

ఇది జైన గృహములలో పిల్లలకు సైతము తెలిసిన మాట. అయినను ఈ వ్యసనము జైనుల గడప తొక్కదనుకొనుట పొరపాటు. దొడ్డబళ్ళాపురము మగ్గముల ఊరు. పట్టు, నూలు, చీరల వ్యాపారమునకు బెంగళూరు ఒక ప్రక్క, హిందూపురము ఒక ప్రక్క. ఇట్టి ఊళ్ళలో వర్తకునికి ప్రయాణములు తప్పవు. పరాయి ఊరి విందులు తప్పవు. బేరము కుదిరెనని ఒక గుక్క, బాకీ వసూలు కాలేదని రెండు గుక్కలు. కొంతకాలమునకు కారణము అక్కరలేకయే చేయి గ్లాసును వెదకును. పరపతి పోవునని, పిల్లల సంబంధములు చెడునని ఇంటివారు ఆ సంగతిని దాచుదురు. దాచినకొలది అది పెరుగును.

అట్టివాడు ఒకనాడు భార్య కన్నీటికో, గురువుగారి మాటకో లోబడి మానివేయును. మానుట ఒకనాటి పని. మానియుండుట ప్రతినాటి పని. మొదటి నెలలో ఉత్సాహముండును. ఇంటిలో అందరును మెచ్చుకొందురు. మూడవ నెల వచ్చుసరికి మెచ్చుకొనువారు ఊరకుందురు. పాత అప్పులు అట్లే యుండును, సాయంకాలములు పొడుగగును. అప్పుడు మనస్సు, ఇంత కష్టపడి సాధించినదేమి అని అడుగును. ఆ ప్రశ్నకు సమాధానము లేనివాడే మరల జారును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. చిరకాలము నిత్యము ఎక్కువగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణకు, మతిభ్రమ, మూర్ఛలు కూడ రావచ్చును, ప్రాణాపాయమును కలుగవచ్చును. అట్టివానిని వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పించవలెను. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఇందుకొరకు ప్రత్యేక విభాగము కలదు. మందు పుచ్చుకొనుట వ్రతమునకు లోపము కాదు. శరీరమును వైద్యుడు నిలుపును. మనస్సును నిలుపు ఉపాయములు శాస్త్రమునందు కలవు.

వాటిలో మొదటిది కాలపరిమితి. సమంతభద్రాచార్యులు త్యాగమును యమమని, నియమమని రెండు విధములుగా విభజించిరి. జీవితాంతము పట్టునది యమము; పరిమిత కాలమునకు పట్టునది నియమము. రెండును ధర్మమే. ఎన్నడును త్రాగననెడి మాటను మోయలేక కూలబడువాడు, రేపటి సూర్యోదయము వరకు త్రాగననెడి మాటను మోయగలడు. శ్వేతాంబర గృహములలో సూర్యోదయము తరువాత 48 నిమిషములు ఏమియు పుచ్చుకొనక నవకారసీ పాటించు ముసలమ్మకు ఈ రహస్యము తెలియును. ఆమె ఏనాటి పచ్చక్ఖాణమును ఆనాడే పట్టును. నియమములు వరుసగా నిలిచినచో యమమునకు బలము చేకూరును.

రెండవది ప్రతిక్రమణము. దీపావళినాడు కొత్త లెక్కల పుస్తకములకు పూజచేసిన వర్తకుడు, పూజ అయినదిగదా యని మరునాటినుండి చిట్టా వ్రాయుట మానునా? ఏరోజు జమాఖర్చులు ఆరోజే కట్టి, చిట్టానుండి ఆవర్జాకు ఎక్కించును. వ్రతమునకు చిట్టా ప్రతిక్రమణము. వ్రతభంగమునకు పెద్దలు నాలుగు మెట్లు చెప్పిరి. తప్పు చేయవలెనని తలచుట అతిక్రమము. దానికై కదలుట వ్యతిక్రమము. కొంత తప్పుట అతిచారము. పూర్తిగా తప్పుట అనాచారము. త్రాగినవాని విషయమున చూడుడు: పాత స్నేహితుడు మనస్సున మెదలుట మొదటి మెట్టు, ఆ వీధివైపు కాళ్ళు తిరుగుట రెండవది, వాసన చూచి వత్తునని కూర్చుండుట మూడవది. గ్లాసు నాలుగవ మెట్టుననే కలదు. సాయంకాలము లెక్క చూచుకొనువాడు మొదటి మెట్టుననే తప్పును పట్టుకొనును. లెక్క చూడనివాడు నాలుగవ మెట్టున మేల్కొనును.

మూడవది అన్నింటికంటె ముఖ్యము. ఇది త్రాగినవాని పని కాదు, చుట్టునున్నవారి పని. సమ్యక్త్వమునకు ఎనిమిది అంగములు గదా. అందు ఉపగూహనము అనగా పరుల దోషమును బజారున పెట్టకుండుట; స్థితీకరణము అనగా జారుచున్నవానిని మరల ధర్మమున నిలుపుట. ఉపగూహనమునకు శాస్త్రమునందు ఉదాహరణముగా నిలిచినవాడు జినేంద్రభక్తుడను శ్రేష్ఠి, అనగా వర్తకుడు. బ్రహ్మచారి వేషమున వచ్చిన దొంగ చైత్యాలయమునందలి రత్నమును అపహరించి పట్టుబడినపుడు, ధర్మమునకు అపకీర్తి రాకుండుటకు, తానే తెమ్మంటినని శ్రేష్ఠి నలుగురిలో చెప్పెను. పిదప ఏకాంతమున వానిని మందలించెను. మందలింపు లేకపోలేదు, దాని చోటు బజారు కాదు.

స్థితీకరణమునకు ఉదాహరణము శ్రేణిక మహారాజు కుమారుడు వారిషేణుడు. అతని ప్రేరణచే దీక్షపుచ్చుకొన్న మిత్రుడు పుష్పడాలుడు పండ్రెండేండ్లు మునివేషమున నుండియు మనస్సును ఇంటియందే యుంచెను. వారిషేణ ముని అతనిని తిట్టలేదు, సంఘమునుండి వెళ్ళగొట్టలేదు. తన రాజభవనమునకే వెంటబెట్టుకొని వెళ్ళి, తాను విడిచిన భార్యలను, వైభవమును చూపి, కావలెనన్న నీవే తీసికొనుమనెను. పుష్పడాలుడు సిగ్గుపడి స్థిరుడయ్యెను. పండ్రెండేండ్ల వేషము చేయలేని పనిని తోడునిలిచిన మిత్రుడు చేసెను. తలపు మిగిలియున్నంత మాత్రమున వ్రతము అబద్ధము కాదని, ఆ తలపును విని సహింపగల తోడు కావలెనని ఈ కథ తెలుపుచున్నది.

చట్టమొక్కటే ఈ పని చేయజాలదని తెలుగుదేశపు అనుభవము చెప్పుచున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకొట్టుపై తిరుగబడిరి. ఆ ఉద్యమఫలముగా 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలింపబడినది. కర్ణాటకములో 2007 జూలైలో సారా నిషిద్ధమైనను ఇతర మద్యములు మిగిలినవి. నిషేధము ఎన్నో కుటుంబములకు ఊపిరి పోసినమాట నిజము. కాని అంగడి తలుపు తెరచుట, మూయుట ప్రభుత్వము చేతిలోనిది. మనస్సు తలుపు నియమము చేతిలోనిది.

కర్ణాటకమునందే జైన ధర్మాధికారుల నిర్వహణలోనున్న ధర్మస్థల క్షేత్రము ఈ సత్యమును కార్యరూపమున పెట్టినది. ఆ క్షేత్రపు ప్రోత్సాహమున ఊరూర మద్యవర్జన శిబిరములు జరుగుచున్నవి. శిబిరముతో పని ముగియదు. మానినవారు నవజీవన సమితులుగా కూడి ఒకరినొకరు కనిపెట్టుకొందురు. వారు ఏ మతస్థులైనను, అచ్చట జరుగునది స్థితీకరణమే. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణమున ఇద్దరు త్రాగుబోతులు ఒకరికొకరు తోడుగా నిలిచి మానిన మార్గము నేడు దేశదేశముల వ్యాపించినది. ఒంటరివానికి బరువైన నియమము ఇద్దరికి తేలిక యగును.

కావున దొడ్డబళ్ళాపురపు వర్తక గృహములకు ఈ ధర్మము కొన్ని పనులను నిర్దేశించుచున్నది. బేరసారముల విందులలో మద్యము పోయించి, తాను ముట్టలేదు గదా యని తృప్తిపడరాదు. కృతమువలెనే కారితమును, అనుమోదితమును కర్మబంధ హేతువులు. మగ్గముపై పనిచేయువాని కూలి బటవాడా చేయునపుడు, ఆ డబ్బు ఇల్లు చేరుమార్గమును ఆలోచింపవలెను. మానినవానికి ఖాళీ సాయంకాలమును మిగుల్చక, సామాయికమునకో, బసదికో, కొట్టు లెక్కలకో పిలువవలెను. పెండ్లిపందిరిలో అతని పాతకథను ఎత్తరాదు.

అతడు మరల జారినచో? మునులకు సైతము ఛేదోపస్థాపనమని, తప్పిన వ్రతమునందు మరల నిలుపు విధి కలదు. మునికి ఉన్న ఆ దారి గృహస్థునికి లేకుండునా? ఒక్కరోజు చిట్టా తప్పినంత మాత్రమున కొట్టు మూసుకొను వర్తకుడు లేడు. తప్పు దిద్ది, మరుసటి పుట ప్రారంభించును. జారినవాడు రాత్రివేళ తలుపు తట్టినచో, తెరచి లోనికి పిలిచి, తెల్లవారువరకు మరల నియమమిప్పించు ఇల్లు ప్రతి వీధిలోను ఒక్కటైన ఉండవలెను.